పాట కోసం చీటీ పాడకండి

ప్రశ్న: సార్, మాది తెనాలి. వయసు 33. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, చేతికొచ్చేది నెలకు 38,000. ఇంట్లో అమ్మ (64, షుగర్ ఉంది), భార్య, నాలుగేళ్ల పాప. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 29,000. మా వీధిలో 20 నెలల లక్ష రూపాయల చీటీ వేశాను, నెలకు 5,000 చొప్పున 13 కట్టాను. బ్యాంకులో 42,000 ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చర్చి క్వైర్‌లో పాడుతున్నాను. ఈ క్రిస్మస్‌కు ‘సైలెంట్ నైట్’ పాటను డప్పు, సన్నాయితో ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని కోరిక. ఒక చరణం అమ్మ తెలుగులో పాడుతుంది. మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, స్పీకర్లు, గోడలకు ఫోమ్ అన్నీ కలిపి 1.80 లక్షలవుతుంది. ఒక లోన్ యాప్ 18 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది, ఓకే నొక్కితే పది నిమిషాల్లో పడుతుందట. తీసుకోమంటారా, లేక చీటీ ఇప్పుడే పాడేసి, బ్యాంకులో ఉన్నదీ తీసి సర్దుకోమంటారా? ఛానెల్ ఆదాయంతో ఈఎంఐ కట్టేయొచ్చని స్నేహితులు అంటున్నారు. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ 3 లక్షలు ఉంది, అందులో అమ్మ పేరు లేదు.

జవాబు: సైలెంట్ నైట్‌కు డప్పు అనగానే మొదట నవ్వొచ్చింది. తర్వాత బల్ల మీద వేళ్లతో వాయించి చూశాను. పాట మూడు మాత్రల నడకలో సాగేదే కాబట్టి ‘తకిట తకిట’ అని నెమ్మదిగా వేస్తే ఒదిగిపోతోంది. పాట సంగతి మీరు చక్కగా ఆలోచించారు. డబ్బు సంగతి మాత్రం స్నేహితులకు వదిలేశారు.

మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం ఉంది. ఇలాంటివి నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి డ్రోన్ కెమెరా, ఒకరికి కేకులు చేసే ఓవెన్, ఇంకొకరికి జిమ్ సామాను. అందరూ రాసేది ఒకే మాట: ‘సరదాగా మొదలుపెడతాను సార్, దాని ఈఎంఐ అదే కట్టుకుంటుంది.’ అకౌంట్స్ చూసే మీరు కూడా అదే రాశారు చూడండి, అందుకు కొంచెం కోపం వచ్చింది. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి లెక్క తెస్తే మీరు సంతకం పెడతారా?

38,000లో ఇంటి ఖర్చు, చీటీ పోను మిగిలేది 4,000. 1.80 లక్షలకు 18 శాతం మీద 24 నెలల ఈఎంఐ దాదాపు 8,986. అంటే నెలనెలా ఐదు వేలు తక్కువ పడుతుంది. ఆ ఐదు వేలు యూట్యూబ్ పంపాలి, అదీ మొదటి వాయిదా నుంచే. ప్రకటనల్లో వాటా రావాలంటే ఛానెల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్. మీ పాట నాలుగు నిమిషాలు అనుకుందాం. 4,000 గంటలు నిండాలంటే 60,000 మంది దాన్ని చివరిదాకా వినాలి. సగంలో లేచిపోతే లక్షా ఇరవై వేల మంది కావాలి. ఇదంతా అర్హత కోసమే, రూపాయి కనబడేది ఆ తర్వాత. క్రిస్మస్ పాటను జనవరి రెండో వారంలో ఎవరు వింటారు? ఈఎంఐ మాత్రం మే నెల ఎండల్లోనూ వస్తుంది.

రెండేళ్లలో మీరు కట్టేది 2,15,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతమే అనుకున్నా, దాని మీద జీఎస్టీతో కలిపి 4,248 ముందే కోసేస్తే చేతికి వచ్చేది 1,75,752. పది నిమిషాల్లో వస్తుందని మురిసిపోతున్నారు. బియ్యం కొనేటప్పుడు కూడా మనం పది నిమిషాలకంటే ఎక్కువసేపే చూస్తాం కదండీ! ఆ యాప్ ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులన్నీ రాసిన కాగితం) తెరిచి ఏపీఆర్, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ రేటు, ఎంత ఉందో చదవండి. అది 18 కంటే ఎక్కువే కనబడుతుంది. చదివాక యాప్ తీసేయండి.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను. మీ ఇంటి ఖర్చు 29,000. ఆరు నెలలకు 1,74,000. అత్యవసర నిధిగా మీ దగ్గర ఉండాల్సిన మొత్తం అది. మీరు అప్పు అడుగుతున్నది 1,80,000. లేని నిధి ఎంతో, తేవాలనుకుంటున్న అప్పూ ఇంచుమించు అంతే. ఉన్న 42,000 నెలన్నర ఖర్చుకు కూడా చాలదు. దాన్ని మీరు ఉత్తరంలో ‘ఉన్నది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఊరికే పడి ఉన్న డబ్బులాగా. ఇంట్లో సంపాదించేది మీరొక్కరు. అమ్మగారికి షుగర్ ఉంది, ఆవిడ పేరు మీద ఏ బీమా లేదు. ఈ పరిస్థితిలో ఆ 42,000 మీది కాదు, రేపు ఎప్పుడో అర్ధరాత్రి వచ్చే అవసరానిది.

అర్ధరాత్రి అని ఊరికే అనలేదు. కొన్నేళ్ల కిందట మా నాన్నగారిని రాత్రి పదకొండున్నరకు ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆయనకు పాలసీ నేనే చేయించాను, కార్డు జేబులోనే ఉంది. క్యాష్‌లెస్ అనుమతి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఈలోగా నలభై వేలు డిపాజిట్ కట్టండి అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. ఊరందరికీ నిధి పెట్టుకోమని చెప్పే నేను, నా డబ్బంతా మూడేళ్ల లాకిన్ ఉన్న, అంటే అప్పటిదాకా తీయడానికి వీల్లేని ఫండులో పెట్టి కూర్చున్నాను. తమ్ముడికి ఫోన్ చేశాను, వాడు స్విచాఫ్. చివరికి కింద మందుల షాపు పక్కన నిలబడి బావమరిదిని నిద్రలేపాను. బీమా ఉన్నా చేతిలో డబ్బుండాలని నాకు అర్థమైన రాత్రి అది. అప్పటి నుంచి ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఈ నిధి గోల నేను మానను. చదివేవాళ్లకు విసుగొచ్చినా సరే.

చీటీ సంగతి. మీరు పాడాలనుకుంటున్న రెండు పాటల్లో ఇదొకటి మానుకోండి. ఇప్పుడు పన్నెండు వేలు వదులుకుని పాడుకున్నారనుకుందాం, చేతికి 88,000 వస్తుంది. మిగిలిన ఏడు నెలలూ 5,000 కట్టాల్సిందే. ఆఖరిదాకా ఆగితే, కమీషన్ ఐదు శాతం అనుకుంటే 95,000. ఆ డబ్బు వచ్చిన రోజే ఎఫ్‌డీ చేస్తే మీ నిధిలో సగానికి పైగా ఒక్క దెబ్బతో నిండుతుంది. ఆ తర్వాత చీటీకి కట్టే 5,000 కూడా అక్కడికే వెళ్లాలి. వీధిలో నడిచే చీటీ అన్నారు కాబట్టి ఒక మాట: అది రిజిస్టరైన చీటీయో కాదో కనుక్కోండి. కాకపోతే ఇది ముగిశాక రెండోది వేయకండి, నడిపే ఆవిడ ఎంత మంచావిడైనా.

బంగారం మీద అప్పు వడ్డీ తక్కువే, కానీ అదీ ఇదే పనికి వద్దు. క్రెడిట్ కార్డు ఈఎంఐ సంగతి అడగనే అడగకండి. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు.

పాట మానేయమని నేననడం లేదు. అమ్మగారి గొంతు రికార్డయి ఉండటం మీ పాపకు రేపు ఎంత విలువైనదో నాకు తెలుసు. కానీ దానికి 1.80 లక్షలు ఎందుకు? ఈ పాట పుట్టిందే ఖర్చు లేకుండా. 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో మొదటిసారి పాడారు. మాటలు రాసిన జోసెఫ్ మోర్ చర్చి ఫాదర్, బాణీ కట్టిన గ్రూబర్ బడి పంతులు. మోర్ చేతిలో గిటారు, ఇద్దరూ కలిసి పాడారు. ఆర్గాన్ పాడైపోయిందని ఒక కథ చెబుతారు, దాన్ని పక్కన పెట్టండి, గిటారు మాత్రం నిజం. క్రిస్మస్ ఆరాధనలో గిటారు ఆ రోజుల్లో వింతే. రేపు మీ సంఘంలో ఏ పెద్దాయనైనా ‘సైలెంట్ నైట్‌కు డప్పేంటయ్యా’ అంటే ఈ సంగతి చెప్పుకోండి. నేనైతే ఆ గొడవలో తలదూర్చను.

ఈ పాటకు ఆరు వేలు పెట్టుకోండి, అదీ రెండు నెలల మిగులులోంచే. నాలుగైదు వందల మంది కూర్చునే చర్చిలో పాడే గొంతుకు పడకగదిలో ఫోమ్ అక్కర్లేదు. బీరువా తలుపులు తీసి బట్టలు వేలాడుతుండగా దాని ముందు నిలబడండి, వెనక కిటికీకి రెండు బొంతలు కట్టండి. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ కూడా ఆపండి. అయ్యాక ఫ్రిజ్ వేయడం మర్చిపోకండి, లేకపోతే పాలు విరిగిన ఖర్చు కూడా నా ఖాతాలో రాస్తారు. తెనాలి జంక్షన్ కదా, రైలు కూత మధ్యలో పడితే ఇంకోసారి పాడండి. డప్పును మాత్రం గదిలో వాయించొద్దు, ఫోన్ మైకు ఆ దెబ్బకు పగిలినట్టు వినిపిస్తుంది. మంట దగ్గర కాచి, డాబా మీద వాయించమనండి, ఫోన్‌ను పదిపన్నెండు అడుగుల దూరంలో పెట్టండి. ముందు అది రికార్డు చేసి, ఇయర్‌ఫోన్‌లో వింటూ మీరూ అమ్మగారూ విడిగా పాడండి. కలపడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఆఫీసులో వాడని పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. చివరి మెరుగులకు దగ్గర్లో ఏ స్టూడియోలోనైనా రెండు గంటలు అద్దెకు తీసుకోండి.

సన్నాయి ఆయనకు, డప్పు ఆయనకు సంభావన ఇవ్వండి, ‘మనవాళ్లే’ అని ఎగ్గొట్టకండి. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం వచ్చేస్తుంది, పెళ్లిళ్లు ఆగుతాయి. గుడిలో తెల్లవారుజాము సేవ అయిపోయాక సన్నాయి కళాకారులకు పగలు కాస్త తీరిక ఉంటుంది. ఆ వారంలో రికార్డు చేస్తే 22 కల్లా పెట్టేయొచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. మోర్ 1848లో, గ్రూబర్ 1863లో చనిపోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు కాబట్టి మూలం మీద ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. అమ్మగారు పాడే తెలుగు అనువాదానికి విడిగా హక్కు ఉండొచ్చు, అది ఏ పాటల పుస్తకంలోదో చూసి ప్రచురణకర్తను అడగండి. నెట్‌లో దొరికే కరోకే ట్రాక్ మాత్రం వాడొద్దు. అది వేరొకరి రికార్డింగ్, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. డప్పు మీద మీరే కట్టుకుంటే ఆ టెన్షన్ లేదు.

ఇక ఈ నెలలోనే చేయాల్సిన పని. బ్యాంకులో 42,000ను జీతం ఖాతా నుంచి తీసి వేరే ఖాతాలో పెట్టండి, దాని ఏటీఎం కార్డు భార్య దగ్గర ఉండాలి. మిగిలే 4,000లోంచి పాట ఖర్చు అయ్యేదాకా వెయ్యి, ఆ తర్వాత మూడు వేలు ఆ ఖాతాలో వేయండి. మిగతాది అమ్మగారి ఆరోగ్య బీమా ప్రీమియం కోసం పోగవ్వాలి. ఈ వయసుకు, షుగర్ ఉన్నవారికి ప్రీమియం నొప్పిగానే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేకపోవడం కాస్త ఊరట. కనీసం మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించుకోండి. ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు, ఆ మూడేళ్ల లెక్క మీరు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి పాట అయ్యాక చూద్దాం అనకండి. ఈలోగా ఎన్టీఆర్ వైద్యసేవ మీ ఇంటికి వర్తిస్తుందేమో సచివాలయంలో అడిగి చూడండి.

ప్రపోజల్ ఫారం మీరే నింపండి. షుగర్ ఉందా అనే గడి దగ్గర ఏజెంటు ‘ఇది వదిలేద్దాం సార్, ప్రీమియం పెరుగుతుంది’ అంటాడు. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని టిక్కు పెట్టండి. ఎన్నేళ్ల నుంచి ఉందో, ఏ మాత్ర వేసుకుంటున్నారో కూడా రాయండి.