నీట మునిగిన కారుకు తాళం తిప్పకండి

ఈశాన్య వానలు మొదలయ్యే వేళ. ఈసారి చెన్నై నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా నీళ్ల గురించే ఉన్నాయి. చెన్నైలోని పాడి ప్రాంతంలో ముప్పై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్న నాకు కూడా ఈ నెలలో అదే పెద్ద దిగులు. అందుకే మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మా పెట్రోలు కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక మావారు తాళం తిప్పారు. ఒక్క చప్పుడుతో ఇంజన్ పట్టేసింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు కొన్నాం. మా మామగారి పాత పెట్రోలు కారు కూడా కిందనే ఉంటుంది. ఈ వానల్లో ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, ఆ చప్పుడు నేను చాలాసార్లు విన్నాను. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండరులోని గాలిని సుమారు పదో వంతుకు నొక్కుతుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పైకి వస్తున్న పిస్టన్‌కు నీరు అడ్డం పడితే ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. పట్టుదలగా మళ్లీ మళ్లీ తిప్పితే ఇంజన్ బ్లాకును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. నీళ్లు సైలెన్సర్ గుండా వస్తాయని చాలామంది భయపడతారు. అసలు దారి ముందు వైపు, బోనెట్ కింద ఉండే గాలి గొట్టం. నీటిలో మీరు మెల్లగా వెళుతున్నా, పక్కనుంచి బస్సు వెళితే లేచే అల ఆ గొట్టం దాకా చేరుతుంది.

2015 డిసెంబరు వరద తర్వాత మా షెడ్డు ముందు కార్లు వరుస కట్టాయి. వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందుగా ఒకే మాట అడిగేవాణ్ణి: ‘సెల్ఫ్ కొట్టారా?’ కొట్టనివారి కార్లకు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిలూ ఫిల్టరూ రెండుసార్లు మార్చాం. చాలావరకు బతికాయి. కొట్టినవారి ఇంజన్లు పూర్తిగా విప్పవలసి వచ్చింది. కోట్టూరుపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు నాలుగు రోజులు తాళం చెవి జేబులోంచి తీయకుండా టో లారీ కోసం ఎదురుచూశారు. ఆయన కారు ఇప్పటికీ సర్వీసుకు నా దగ్గరికే వస్తుంది.

కాబట్టి మామగారితో ఇప్పుడే చెప్పి ఉంచండి. నీళ్లు కారు తలుపు గడప దాటితే తాళం ముట్టుకోకూడదు. ఎంతవరకు వచ్చాయో తెలిసేలా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ వారికి ఫోన్ చేయండి. చక్రాలు నేల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లనివ్వకండి, ముఖ్యంగా ఆటోమేటిక్ గేర్ల కారును. నాలుగు చక్రాలూ పైకెత్తే లారీ కావాలని అడగండి. షెడ్డుకు చేరాక డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడమనండి. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. కార్పెట్లు విప్పి ఆరబెట్టకపోతే కింద ఉన్న వైర్ల జాయింట్లు నెల తర్వాత తుప్పు పట్టి ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. ఈ పనికి చాలామంది తొందరపడతారు, మీరు పడకండి.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి. సమగ్ర (కాంప్రహెన్సివ్) పాలసీ వరద నష్టానికి పరిహారం ఇస్తుంది. కానీ మునిగిన తర్వాత సెల్ఫ్ కొట్టి చెడగొట్టుకున్న ఇంజన్‌ను చాలా పాలసీలు అందులో చేర్చవు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటుంది. చెన్నైలో పల్లపు ప్రాంతంలో ఉండేవారు దాన్ని ఖర్చు అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక మీ ఎలక్ట్రిక్ కారు. బ్యాటరీకి ఐపీ-67 రక్షణ ఉందని కంపెనీలు చెబుతాయి. ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా హాని కలిగించేంత నీరు లోపలికి చేరకూడదని దాని అర్థం. రాత్రంతా మునిగి ఉంటే ఆ హామీ వర్తించదు. మునిగిన కారుకు ఛార్జింగ్ పెట్టకండి, నారింజ రంగు కేబుళ్ల దగ్గర చేయి పెట్టకండి, కంపెనీ సర్వీసు వారిని పిలవండి. వాన హెచ్చరిక రాగానే మీ వేళచ్చేరి వారు ఫ్లైఓవర్ మీదికి కార్లు చేర్చడం చూసి కొందరు నవ్వారు. నాకైతే అందులో తెలివే కనిపించింది. అయినా ఎత్తులో ఉన్న బంధువుల ఇంట్లో గాని, అద్దె పార్కింగ్‌లో గాని ముందే చోటు మాట్లాడుకోవడం ఇంకా మంచిది.

ప్రశ్న: నాది 2017 పెట్రోలు కారు. కొన్నప్పుడు లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 13.5 ఇస్తోంది. ఇదంతా ఈ-20 పెట్రోలు వల్లేనంటున్నారు. బంకులో అమ్మే మందు సీసా పోస్తే బాగుపడుతుందా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మీ అనుమానంలో నిజం ఉంది, కానీ కొంతే. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. పెట్రోలులో అయిదో వంతు ఎథనాల్ కలిపితే (ఈ-20 అంటే అదే) లీటరుకు 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదిక కూడా పాత తరహా కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గుతుందనే చెప్పింది. అంటే మీ 17లో సుమారు ఒక కిలోమీటరు ఎథనాల్ పద్దు. మిగిలిన రెండున్నర కిలోమీటర్లు ఎక్కడ పోతున్నాయో వెతకాలి. దాన్ని కూడా పెట్రోలు మీదికి నెట్టేసి ఊరుకుంటే నష్టం మీకే.

ముందు లెక్క సరిగ్గా తీయండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపి మీటరు సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగి మళ్లీ అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. డాష్‌బోర్డులో కనిపించే అంకెను నమ్మవద్దు. ఆ తర్వాత టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు చెబుతుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. కొద్ది దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర అరచేయి ఉంచి చూడండి, తాకకండి. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టుకునే ఉంది. మీ వయసు కార్లలో ఇది నాకు తరచూ కనిపించే జబ్బు, మైలేజీని మెల్లగా తినేస్తుంది.

మందు సీసా వద్దు. ఆ డబ్బుతో పెట్రోలు వెళ్లే రబ్బరు గొట్టాలు పరీక్ష చేయించండి. ఈ-20కి తగ్గట్టు చేయని పాత రబ్బరును ఎథనాల్ ఉబ్బించి, పగిలేలా చేయవచ్చు. బోనెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆ రోజే షెడ్డుకు రండి. ఎథనాల్ నీటి తేమను పీల్చుకుంటుంది. అందుకని వానాకాలంలో కారును వారాల తరబడి ఆపి ఉంచేవారు ట్యాంకును సగం ఖాళీగా వదలకూడదు.

ప్రశ్న: మాది బీఎస్-6 డీజిల్ కారు. రోజూ పాపను మూడు కిలోమీటర్ల దూరంలోని బడికి దింపి వస్తాను, అంతే. మీటరులో పసుపు దీపం వెలిగింది. డీపీఎఫ్ అట, ఏమిటది?
– ఒక పాఠకురాలు, అన్నా నగర్

జవాబు: పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ అది. సైలెన్సర్ బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. మూడు కిలోమీటర్లలో అంత వేడి పుట్టదు, అందుకే నిండిపోయింది. దీపం పసుపుగా స్థిరంగా వెలుగుతుంటే ఆదివారం ఉదయం రెడ్‌హిల్స్ దాటి గుమ్మిడిపూండి వైపు హైవే మీద అరగంట, ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లకు తగ్గకుండా నడపండి. మాన్యువల్‌లో మీ కారుకు చెప్పిన వేగం చూసుకోండి. అప్పటికీ ఆరకపోతే, లేదా ఇంజన్ శక్తి తగ్గితే సర్వీసుకు ఇవ్వండి. డిప్‌స్టిక్ కూడా చూడండి. మసి కాల్చే ప్రయత్నంలో డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. ఆయిల్ గీత దాటితే మార్పించాలి.

నిక్కచ్చిగా చెబుతాను, బాధపడకండి. మీ వాడకానికి డీజిల్ కారు తగదు. తర్వాతి కారు పెట్రోలుదో, హైబ్రిడో (ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ రెండూ ఉండేది), ఎలక్ట్రిక్‌దో తీసుకోండి. నిలుస్తూ కదులుతూ సాగే నగర ప్రయాణంలో హైబ్రిడ్ బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుకుంటుంది. అందుకే హైవేలో కంటే ఊళ్లోనే దాని లాభం ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: కొత్త కారు రోడ్డు మీది లేన్ గీత దాటినప్పుడల్లా తనే స్టీరింగ్‌ను లాగుతోంది. ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద విసుగొస్తోంది. ఈ సహాయాలన్నీ ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, షోళింగనల్లూరు

జవాబు: గీతల సహాయం ఆపేయండి, తప్పు లేదు. ఎదుట అడ్డం వస్తే తనంతట తాను బ్రేకు వేసేదాన్ని మాత్రం ఆపకండి. ముందు అద్దం మార్పిస్తే, దాని వెనక ఉండి రోడ్డును చూసే కెమెరాను మళ్లీ సరిచేయించమని పట్టుబట్టండి, బిల్లులో ఆ పని రాయించుకోండి.

ప్రశ్న: కారు కొని ఎనిమిదేళ్లయినా తిరిగింది పన్నెండు వేల కిలోమీటర్లే. టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. మార్చాలా?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూర్

జవాబు: మార్చాలండీ. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైంది. వాడకపోయినా రబ్బరు ఎండకు, వయసుకు గట్టిపడుతుంది. తడి రోడ్డు మీద పట్టు ఉండదు. వానలు ముదరకముందే నాలుగూ మార్పించండి. డిక్కీలో ఉన్న స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాని వయసూ అంతే అయి ఉంటుంది.