మామిడి తోటల్లో గడ్డి కోతకు గంట కిరాయి ఎంత పెట్టాలి?

45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు వెనక 5 అడుగుల స్లాషర్ (తిరిగే బ్లేడ్లతో గడ్డి కోసే పరికరం) తగిలించి నర్సంపేట వైపు తోటల్లో తిప్పితే, డీజిల్, డ్రైవర్ కూలి పోను మిగిలేదంతా లాభమేనా అని అడిగారు. కాదు. ఆ రెండూ కలిపితే అసలు ఖర్చులో అరవై శాతమే.

లెక్క ఇలా వేయండి, ధరలు మాత్రం మీవి పెట్టుకోండి. ట్రాక్టర్ 8 లక్షలు, పదేళ్ల తర్వాత 2 లక్షలకు పోతుంది, ఏడాదికి 600 గంటలు నడుస్తుంది అనుకుందాం. తరుగుదల, అంటే ఏటా తగ్గే విలువ, గంటకు 100. సగటున ఇరుక్కున్న 5 లక్షల మీద 10 శాతం వడ్డీ అంటే గంటకు 83. ఇన్సూరెన్స్ వగైరా 20. స్లాషర్ 80 వేలు, ఎనిమిదేళ్లకు 8 వేలు వస్తే, ఏడాదికి 200 గంటల పని మీద తరుగుదల, వడ్డీ కలిపి 67. అదే స్లాషర్ వంద గంటలే తిరిగితే ఆ 67 కాస్తా 134. వానాకాలం గడ్డి ఒక్కదాని మీదే ఆధారపడేవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇక నడిపే ఖర్చు. డీజిల్ గంటకు 4.5 లీటర్లు, లీటరు 95 చొప్పున 428. ఈ అంకె ఎవరు చెప్పినా నమ్మొద్దు. చదునైన చోట ట్యాంకు నిండా పోసి, రెండు గంటలు కోసి, అదే చోట నిలిపి కొలత డబ్బాతో మళ్లీ నింపి చూడండి. ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు 30, టైర్లు 17, ట్రాక్టర్ రిపేర్లు 40, స్లాషర్ బ్లేడ్లు, బోల్టులు, షాఫ్ట్ క్రాసులకు (షాఫ్ట్ కీళ్లలోని అరిగే ముక్కలు) 40. డ్రైవర్‌కు రోజుకు 800 ఇస్తే, కోత పడేది ఐదు గంటలే కాబట్టి 160. మీరే నడిపినా ఆ 160 రాసుకోవాల్సిందే. మొత్తం 985.

రాను పోను రోడ్డు మీద ఒక గంట పోయిందనుకోండి, డీజిల్, అరుగుదల కలిపి 600 పైనే. ఆ గంటకు పైసలు ఇచ్చేవాళ్లు లేరు. దాన్ని ఐదు కోత గంటల మీద పంచి 985కు కలిపితే గంటకు 1,110 దగ్గర తేలుతుంది. మీ లాభం దాని మీద వేసుకోవాలి. ట్రాక్టర్ కిస్తీని ఇందులో మళ్లీ కలపొద్దు, తరుగుదల, వడ్డీ రూపంలో అది ముందే వచ్చేసింది.

ఎకరం లెక్కన ఒప్పుకునే ముందు తోట చూడండి. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో ఖాళీ చేనులో ఎకరం పైచిలుకు కోస్తుంది. చెట్ల మధ్య మలుపులతో చాలా తగ్గుతుంది. నడుము ఎత్తు గడ్డికి రెండుసార్లు తిరగాలి.

స్లాషర్ రిపేరు ఖర్చు 40 దాటించేది ఎక్కువగా డ్రిప్ పైపే. గడ్డిలో కనపడదు, బ్లేడు షాఫ్ట్‌కు చుట్టుకుని వేడికి ఆయిల్ సీలు తినేస్తుంది, గేర్ ఆయిల్ కారిపోయి గేర్‌బాక్స్ పోతుంది. ప్రతి తోట తర్వాత ఇంజన్ ఆపి, పీటీవో (స్లాషర్‌ను తిప్పే ట్రాక్టర్ షాఫ్ట్) తీసేసి, స్లాషర్‌ను గట్టి దిమ్మెల మీద నిలిపాకే కింద చూడండి. చెలక రాళ్లకు షియర్ బోల్టు తెగుతూనే ఉంటుంది, గేర్‌బాక్స్‌ను కాపాడటానికి ముందుగా తెగడమే దాని పని. విసిగిపోయి గట్టి బోల్టు బిగిస్తే తర్వాతి రాయికి పోయేది గేర్‌బాక్సే. సరైన బోల్టులు పది టూల్ బాక్సులో పడేసుకోండి.