నరం నడిచొచ్చేదాకా

పర్లాకిమిడి

ఒరే చిన్నా,

చిటికెనవేలు ఇంకా కదలడం లేదని అన్నం మీద అలిగావట, మీ అమ్మ చెప్పింది. ఇలాంటి చేతులకు ముప్పై ఏళ్లు కసరత్తు చేయించినవాణ్ణి, కాస్త విను.

మనవాళ్లకు రక్తం పారేదీ నరమే, కండను ఎముకకు కట్టే తాడూ నరమే. రంపం జారి నీకు తెగింది కబురు మోసే నరం. కుట్టగానే అది అతుక్కోదు. కుట్టుకు కింద నరం లోపల ఉన్న తీగ చచ్చిపోయి ఖాళీ గొట్టం మిగులుతుంది. పైనుంచి కొత్త తీగ అందులో పెరుగుతూ రావాలి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. ముంజేతి మధ్య నుంచి అరచేతి కండకు 15 సెంటీమీటర్లనుకున్నా 150 రోజులు. మొలకెత్తే వారాలు అదనం. రెండు నెలలకే అలిగితే ఎలా?

వచ్చాక కూడా తీగ కండను ముట్టుకోదు. నడుమ సన్నటి సందు. అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అది దాటితేనే కండ కదులుతుంది. దాన్ని అందుకునే గ్రాహకాలను కండ మీద ఒకచోటికి చేర్చేది నరం కొస వదిలే అగ్రిన్ అనే ప్రొటీన్. ఎలుకపిల్ల పుట్టినప్పుడు ఒక్కో కండపోగు మీద చాలా తీగలు ఎగబడతాయి, రెండు వారాల్లో ఒక్కటే నిలుస్తుంది. తిరిగొచ్చే తీగలదీ అదే వరస, పాత చోటు వెతుక్కుని మరీ.

అప్పటికి కండ ఎండిపోకూడదు. ఏడాదిన్నర దాటితే నరం వచ్చినా కండ అందుకోవడం కష్టం. నీకంత ఆలస్యం కాదులే. నీ భయం కీళ్లు బిగుసుకుపోవడమే. కుడిచేత్తో ఎడమ వేళ్ల అరచేతి దగ్గరి కణుపులు వంచి పట్టుకుని, పై రెండు కణుపులూ మెల్లగా చాపు. పదిసార్లు, రోజుకు నాలుగు పూటలు. రాత్రి పట్టీ తీయకు.

ఇంకోటి, బొమ్మల కోసం పశువుల కొమ్ము కాచి వంచే పని ఇప్పుడు వద్దు. స్పర్శ లేని వేలికి కాలడం తెలీదు. నా మోచేతి నరం దెబ్బతిన్నప్పుడు టీ గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతున్నా, బొబ్బలొచ్చాక చూసుకున్నా.

నెలకోసారి అరచేతి నుంచి గాయం వైపు వేలితో తట్టుకుంటూ రా. చిటికెనవేలిలోకి జివ్వుమన్నచోటికి నరం కొస వచ్చినట్టు. గాయం నుంచి స్కేలుతో కొలిచి రాసి, వచ్చే నెల పట్రా. మీ అమ్మ పాల లెక్క రాసుకునే కాలెండర్ మీద మాత్రం రాయకు.

మీ మావయ్య