పాఠకుల ప్రశ్నలు: ఐ9 పక్కన పెట్టండి, ముందు మానిటర్ మార్చండి

ప్రశ్న: పర్లాకిమిడిలో చిన్న స్టూడియో ఉంది సార్. మన పెళ్లిళ్లు, ఒడియా పెళ్లిళ్లు రెండూ చేస్తాం. లైట్‌రూమ్, ఫోటోషాప్ వాడతాను. పాత సిస్టమ్‌లో 8 జీబీ ర్యామే, ఆల్బమ్ షీట్ తెరిస్తే బిగుసుకుపోతోంది. పైగా ప్రింట్లు చీకటిగా వస్తున్నాయి. షాపతను ఐ9 ప్రాసెసర్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేసుకో, మానిటర్ పాతదే చాలు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: షాపతను చెప్పినదాన్ని తిరగేసి కొనండి. ప్రింటు చీకటిగా రావడం ప్రాసెసర్ మారిస్తే పోయే జబ్బు కాదు. బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టుకుని కూర్చుంటే ఫోటో తెర మీద వెలిగిపోతుంది, మీరేమో ఎడిటింగ్‌లో ఫోటో వెలుగు ఇంకాస్త తగ్గిస్తారు, కాగితానికి సొంత వెలుగు లేదు కాబట్టి ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చేసరికి పెళ్లికూతురి ముఖం నల్లబడి ఉంటుంది. ఇక మానిటర్‌ది చవక టీఎన్ రకం ప్యానెల్ (తెర) అయితే కుర్చీలో కాస్త వెనక్కి వాలినా రంగు మారిపోతుంది. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), ఎస్‌ఆర్‌జీబీ (ఫోటోలకు వాడే ప్రామాణిక రంగుల శ్రేణి) 99 శాతం పైన, 24 అంగుళాలు, ఈ మూడూ ఉంటే చాలు, గేమింగ్ వాళ్ల వంపు తెరలు మనకెందుకు! వెలుగు 100 నుంచి 120 నిట్ల (తెర వెలుగుకి కొలత) మధ్య పెట్టుకోండి. కొలిచే సాధనం లేకపోతే ల్యాబ్ నుంచి వచ్చిన షీట్ ఒకటి తెర పక్కన మంచి తెల్ల లైటు కింద పట్టుకుని, అదే ఫైల్ తెరిచి, మధుపర్కాల తెలుపు రెండింటిలో ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ దించండి. ఆ కొలిచే సాధనం, అంటే క్యాలిబ్రేటర్, ఖరీదనిపిస్తే ఊళ్లో స్టూడియోల వాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, నెలకోసారి వాడేదే కదా.

తర్వాత ర్యామ్. 12×36 అంగుళాల షీట్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3600×10800 పిక్సెళ్లు, 8 బిట్ రంగులోనే ఒక్క పూర్తి లేయర్ (పొర) దాదాపు 117 ఎంబీ, 16 బిట్ అయితే దానికి రెట్టింపు. అలాంటివి పది పెట్టి, వెనకాల లైట్‌రూమ్, క్రోమ్, వాట్సాప్ తెరిచి ఉంచితే 8 జీబీ ఏం చేస్తుంది పాపం, డిస్క్ మీదికి తోస్తుంది, మీకు బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. 32 జీబీ ఉంటే హాయి. ఈమధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కనుక ఇప్పటికి 16 జీబీ ఒకే స్టిక్‌గా వేసుకుని పక్క స్లాట్ ఖాళీగా ఉంచండి, సీజన్ డబ్బులు వచ్చాక అలాంటిదే రెండోది వేస్తే వేగం కూడా పెరుగుతుంది.

ప్రాసెసర్ కొత్త తరం ఐ5 గానీ రైజెన్ 5 గానీ చాలు. ఫోటోషాప్‌లో చాలా పనులకు కొద్ది కోర్లే (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) వాడుకలోకి వస్తాయి. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌కి ఎక్కువ కోర్లు పనికొస్తాయి, నిజమే, కానీ ఎక్స్‌పోర్ట్ భోజనానికి వెళ్తూ పెట్టే పని. పైగా ఏసీ లేని గదిలో మే నెల ఎండలకి ఐ9 వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్నది తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ ఉండవు, కార్డు పోయిన రోజు తెర కూడా నల్లగానే.

ఆ ‘4 జీబీ కార్డు’ జీటీ 730 అయితే దండం పెట్టి వచ్చేయండి, అది 2014 నాటి సరుకు. రాత్రి ముహూర్తాలకి ఐఎస్‌ఓ (కెమెరా కాంతి సున్నితత్వం) 6400 దాకా పోయి, ఏఐ డీనాయిజ్ (ఫోటోలోని గరుకు తీసేసే సౌకర్యం) తరచూ వాడేవారైతే 8 జీబీ ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డు తీసుకోండి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఒక్కో ఫోటోకి నిమిషాలు పట్టేది సెకన్లలో అయిపోతుంది. వాడకపోతే ఆ డబ్బు మానిటర్‌కి. విండోస్, లైట్‌రూమ్ క్యాటలాగ్, ఇప్పుడు చేస్తున్న పెళ్లి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో (వేగమైన డిస్క్), అయిపోయినవి హార్డ్ డిస్క్‌లో. బరంపురంలో కొన్నా విశాఖలో కొన్నా జీఎస్‌టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించుకోండి.

ప్రశ్న: లాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాపా? (రాయగడ నుంచి)

జవాబు: మండపంలోనే ఫోటోలు చూపించాల్సి వస్తే లాప్‌టాప్. లేదంటే డెస్క్‌టాపే, అదే డబ్బుకి ఎక్కువ వస్తుంది, చెడిపోయిన పార్టు ఒక్కటే మార్చుకోవచ్చు.

ప్రశ్న: గుణుపురంలో కరెంటు ఇలా పోయి అలా వస్తుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, వేరే యూపీఎస్ కావాలా?

జవాబు: ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, ఉంటే దాని మీద పెట్టండి. నార్మల్ మోడ్‌లో అది అందుకునేలోపే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోవచ్చు. స్విచ్ లేకపోతే 1 కేవీఏ యూపీఎస్ తీసుకోండి, 600 వీఏ రకానివి సాధారణంగా 360 వాట్లే, గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కి బొటాబొటీ. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా, అయితే ఎర్తింగ్ సరిగా లేనట్టే, కొత్త సిస్టమ్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెబుతున్నా. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ (కెమెరా నేరుగా ఇచ్చే అసలు ఫైల్) 25 నుంచి 30 ఎంబీ, పెళ్లికి మూడు వేల ఫోటోలంటే 75 నుంచి 90 జీబీ. ఇంత సరుకు ఒక్క డిస్క్‌లో ఉంచకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా ముంచిందో మీవైపు చెప్పక్కర్లేదు, కాబట్టి రెండో డిస్క్ అదే టేబుల్ మీద కాకుండా వేరే ఇంట్లో ఉండాలి. మెమరీ కార్డు ఫార్మాట్ చేసేముందు ఆ రెండో కాపీలోంచి నాలుగు ఫోటోలు తెరిచి చూసుకోండి.