అర కిలోమీటరు అని రాసే ముందు

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, చిన్నపిల్లల చదువు, సంరక్షణ మీద ప్రభుత్వం వేసిన రాష్ట్ర సలహా కమిటీలో నిన్ను సభ్యురాలిగా తీసుకున్నారని చెప్పింది. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి, కాఫీ కూడా పెట్టుకోకుండా ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని ఊకొట్టి పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మళ్ళీ తీసి చదువుకుంటావు.

కమిటీలతో ఒరిగేదేముందని ఎవరైనా నిన్ను నీరుగారిస్తే వినకు. నాకు ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన అంగన్వాడీ ఉద్యోగమే ఒక కమిటీ పుణ్యం. కేంద్ర విద్యా సలహా మండలి వేసిన బృందం, మీనా స్వామినాథన్ గారి అధ్యక్షతన, బడి ఈడు రాని పిల్లల గురించి 1972లో నివేదిక ఇచ్చింది. పసిపిల్లల తిండి, ఆరోగ్యం, చదువు కలిపి చూడాలన్న ఆలోచనకు అది బలమైంది. మూడేళ్లకు, 1975 అక్టోబర్ 2న, దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే అంగన్వాడీలను నడిపే పథకం, మొదలైంది. ఇప్పుడు దాదాపు 14 లక్షల అంగన్వాడీలు. నువ్వు మూడేళ్లప్పుడు వేసవి సెలవులకు మా ఇంటికొచ్చి, నా కొంగు పట్టుకుని సెంటర్‌కి వచ్చేదానివి. ఉప్మా పెడితే ఆవగింజలన్నీ ఏరి పక్కన వరసగా పేర్చేదానివి, ఆయా నిన్ను చూసి నవ్వేది. ఆ పిల్ల ఇప్పుడు ఆ కమిటీ కుర్చీలో కూర్చోబోతోంది.

ఎజెండా కాగితం రెండు రోజుల ముందే అడిగి తెప్పించుకో. టీఏ బిల్లు ఎప్పటికప్పుడు పెట్టు. చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద వచ్చిన 2013 జాతీయ విధానం, 2020 జాతీయ విద్యా విధానం చదవకుండా మాత్రం వెళ్ళకు. రాష్ట్రానికో మండలి ఉండాలని, అది మెల్లగా జిల్లా, బ్లాకు, ఊరి దాకా దిగాలని చెప్పింది ఆ 2013 విధానమే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక టీచర్, మూడేళ్ల లోపువాళ్లైతే పదిమందికి ఒకరు, 30 మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది. ఈ లెక్కలు నీకు నోటికి రావాలి. డబ్బు మాట వచ్చేసరికి ముందు కోత పడేది వీటికే.

ఇక అసలు సంగతి. అంగన్వాడీలను ప్రాథమిక బడుల ఆవరణలోకి తేవాలన్న మాట మీ కమిటీ ముందుకు తప్పకుండా వస్తుంది. 2020 విధానంలోనూ ఆ దారి ఉంది. మంచి ఆలోచనే. పిల్లలు అంగన్వాడీ నుంచి ఒకటో తరగతికి బెదురు లేకుండా వెళ్తారు, మంచి గది దొరుకుతుంది. కానీ ఆ మాట వచ్చినప్పుడు నీకు నేను గుర్తుకు రావాలి. మీ అమ్మకి కూడా చెప్పని విషయం ఇది.

2012 సంగతి. బాపట్ల వైపు నా సెక్టార్‌లో, అంటే సూపర్‌వైజర్‌గా నేను చూసే సెంటర్ల పరిధిలో, ఒక ఊరుంది. ఊరికీ యానాదుల వాడకీ మధ్య పంట కాలువ. వాడలో తాటాకు పాకలో మినీ సెంటర్, అంటే చిన్న అంగన్వాడీ, నడిచేది. మినీ కాబట్టి ఆయా లేదు, టీచర్ ఒక్కతే. వానొస్తే పిల్లల్ని గోడవారకు జరిపి చాప చుట్టేసేది. రిజిస్టర్‌లో ప్రీస్కూల్ పిల్లలు 14 మంది. అదే సమయంలో ఊళ్ళో బడి పక్కన కొత్త అంగన్వాడీ భవనం లేచింది. నున్నటి నేల, మరుగుదొడ్డి, గోడల నిండా బొమ్మలు. అంతకు ముందు ఏడాదే కేంద్రం ఆదేశంతో రాష్ట్రం నుంచి సెంటర్ దాకా పర్యవేక్షణ కమిటీలు ఏర్పడ్డాయి. మా బ్లాకు కమిటీ మీటింగ్‌లో, పాకలో సెంటర్ ఎత్తేసి కొత్త భవనంలో కలిపేద్దామన్నారు. దూరమెంత అని సూపర్‌వైజర్‌గా నన్ను అడిగారు.

"అర కిలోమీటరు సార్" అన్నాను.

"పిల్లలు రాగలరా?"

"వస్తారు సార్."

దూరం అబద్ధం కాదు. స్కూటీ మీద ఎన్నోసార్లు వెళ్ళిన దారి, రెండు నిమిషాలు పట్టేది. నోట్ రాసి సంతకం పెట్టాను. పెన్ను మూత పెట్టేలోగా తర్వాతి అంశం మొదలైంది.

జూన్‌లో కలిపారు. ఆగస్టుకి ఆ 14 మందిలో ముగ్గురే వస్తున్నారు. తల్లులకి శ్రద్ధ లేదని టీచర్ చెప్పింది. నేనూ నా డైరీలో అదే రాసుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. సెప్టెంబర్‌లో వాడకి వెళ్లి గట్టిగా మాట్లాడబోతే, ఒక ముసలామె తన మనవడి చెయ్యి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఓసారి నడిపించుకు పోమ్మా, చూద్దాం" అంది.

వాడికి మూడేళ్లు నిండాయి. నా చూపుడువేలు పట్టుకున్నాడు. కాళ్లకి అక్క చెప్పులు, అడుగుకోసారి జారిపోతున్నాయి. పది బారలు నడిచాడో లేదో మేకపిల్ల కనబడింది, ఆగాడు. తుమ్మముల్లు గుచ్చుకుంది, కూర్చోబెట్టి తీశాను. చెప్పుల్లో ఒకటి బురదలో దిగబడింది. కాలువ దగ్గరికి వచ్చాం. నీళ్ళు వదిలిన రోజులు, చప్టా అంచును ఒరుసుకుంటూ పోతున్నాయి. రెండు వైపులా పిట్టగోడ లేదు. అంతకాలం స్కూటీ మీద పోతూ దానికి పిట్టగోడ లేదన్న సంగతే నేను గమనించలేదు బుజ్జీ! వాడు నీళ్ళ వంక చూసి అక్కడే చతికిలబడ్డాడు. ఎత్తుకున్నాను. నా భుజానికి వాడి గుండె దడదడా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. సెంటర్ మెట్టెక్కి వాచీ చూసుకుంటే ముప్పై ఐదు నిమిషాలు. వాడు చాప మీద పడగానే నిద్రపోయాడు. ఆటా లేదు, పాటా లేదు. గుడ్డు తినిపించడానికి మధ్యాహ్నం లేపాల్సి వచ్చింది.

తల్లులు తెల్లారకుండానే కూలికి వెళ్ళిపోతారు. మరి ఆ పిల్లల్ని ఎవరు నడిపించాలి? ఆ పిల్లాడికి ఎనిమిదేళ్ల అక్క ఉంది, మూడో తరగతి. జూన్ దాకా తమ్ముణ్ణి పాకలో దింపి బడికి పోయేది. సెంటర్ ఎత్తేశాక కొన్నాళ్లు వాణ్ణి చంకనేసుకుని కాలువ దాటింది. తర్వాత మానేసింది. సెంటర్‌కి వాడూ మానేశాడు, బడికి ఆ పిల్లా మానేసింది. నా నోట్‌లో ఆ పిల్ల ఎక్కడా లేదు. అడిగిన ఫారంలో ఆ పిల్లకి గడి లేదు.

మళ్ళీ నోట్ రాసుకుని వెళ్తే, పాత ఫైలు తీసి నా ముందే పెట్టారు. "అర కిలోమీటరు అని రాసింది మీరే కదా మేడమ్" అన్నారు. నిజమే కదా, నా సంతకమే. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్వాడీ ఇవ్వాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటింటికీ తిరిగి నేనే లెక్క కట్టాను. పురిటి బిడ్డతో సహా 43 మంది తేలారు. వాడవాళ్ల చేత అర్జీ పెట్టించాను. అంతా చేసినా సెంటర్ మళ్ళీ వాడలోకి రావడానికి రెండేళ్లు పట్టింది. పిల్లాడు వచ్చాడు. ఆ ఆడపిల్ల మాత్రం బడి మొహం మళ్ళీ చూడలేదు.

నువ్వు చదువుకున్నదానివి, మ్యాపులు, లెక్కలు అన్నీ చక్కగా తెర మీద చూపిస్తావు. అందుకే నాకు భయం. కారులో తిరిగి, ముందే కబురు పెట్టిన సెంటర్‌లో పూలదండ వేయించుకుని వచ్చి, చూశాను అనకు. అలా అంటే నీతో మాట్లాడను. కబురు లేకుండా వెళ్ళు. మూడేళ్ల పిల్లాడి పక్కన, వాడి నడకతో నడువు. మీటింగ్‌లో నీకు తెలియనిది అడిగితే "చూసి చెప్తాను సార్" అను. అంతమంది పెద్దవాళ్ల ముందు ఆ మాట అనడానికి గొంతు పెగలదు, నాకు తెలుసు. నాకూ పెగల్లేదు. చిన్నప్పుడు టీచర్ కొడితే ఇంటికొచ్చి కూడా చెప్పేదానివి కాదు, అది నా మనసులో ఉంది. నీకు నచ్చని తీర్మానం అయితే, నీ అభ్యంతరం మినిట్స్‌లో రాయమను. రాయకపోతే ఆ వారంలోనే ఉత్తరం పెట్టి, కాపీ నీ దగ్గర ఉంచుకో.

మొదటి మీటింగ్‌లోనే ఇంకోటి అడుగు: కమిటీలో అంగన్వాడీ టీచర్ ఉందా, ఆయా ఉందా? లేకపోతే పిలిపించమను, ఆ రోజు జీతం, బస్సు ఖర్చు ఇప్పించమను. వచ్చినవాళ్ళని చివర్లో "మీరేమంటారమ్మా" అని అడిగితే తలూపి ఊరుకుంటారు. ముందు వాళ్ళ చేత మాట్లాడించు.

భాష సంగతి నీకు చెప్పక్కర్లేదు, ఇంటి భాషలోనే మొదలుపెట్టాలని విధానంలోనే ఉంది. ఒక్కటి మాత్రం చెప్తాను. పల్నాడు తండాలో ఒక సెంటర్‌కి వెళ్ళాను. ఒక పాప "పాణీ, పాణీ" అంటోంది. కొత్త టీచర్‌కి అది "పని"లా వినబడి "ఏం పనే?" అని గదిమింది. పాప ఏడుపు మొహంతో వెనక్కి తగ్గి కూర్చుంది. దాహం వేసి నీళ్ళు అడిగిన పిల్ల అది. ఆ సెంటర్‌కి లంబాడీ భాష వచ్చిన ఆయా ఉంటే చాలు, ఆ పాప నోరు మూతపడేది కాదు.

నాలుగేళ్లకే అక్షరాలు దిద్దించాలని, ఎల్‌కేజీకి పోటీగా పరీక్షలు పెట్టాలని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. తల్లిదండ్రులూ అదే అడుగుతారు, వాళ్ళది టెన్షన్. వాళ్ళని తప్పుపట్టకు, కానీ ఒప్పుకోకు. బలపం పట్టాలంటే ముందు వేళ్లకి బలం రావాలి. మట్టి పిసకనీ, గింజలు ఏరనీ, నువ్వు ఆవగింజలు ఏరినట్టు.

నీళ్ళు. ప్రతి సెంటర్ తనిఖీ ఫారంలో, వంద అడుగుల లోపల బావి, కాలువ, చెరువు, మూతలేని సంపు ఉన్నాయా అన్న ప్రశ్న పెట్టించు. మిగతావన్నీ తర్వాత. ఈ ఒక్కటి పెట్టించానని నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ రాత్రి కంటినిండా నిద్రపోతాను. నువ్వు కూడా చూడ్డానికి వెళ్ళినప్పుడు కాలువ గట్ల మీద ఫోన్ మాట్లాడుతూ నడవకు.

మొదటి మీటింగ్ లోపల ఒకసారి రా. మామిడికాయ పచ్చడి జాడీ తీసి పెట్టాను, అదీ పట్టుకెళ్దువు గాని. ఆ వాడకి తీసుకెళ్తాను. ఆ ఎనిమిదేళ్ల పిల్లకి పదిహేడేళ్లకే పెళ్లి చేశారు. ఇప్పుడు తనకో కూతురు, పోయిన నెలే మూడేళ్లు నిండాయి. సెంటర్ పాక నుంచి రేకుల గదిలోకి మారింది కానీ వాడలోనే ఉంది. నేను వెళ్తే ఆ అమ్మాయి ఇప్పటికీ నవ్వుతూ మంచం వాలుస్తుంది, నాకే కూర్చోవడానికి కాళ్లు రావు. ఆ పాపని సెంటర్‌కి నువ్వు నడిపించుకు వెళ్దువు గాని. ఆదివారం వద్దు, సెంటర్ తెరిచే రోజు చూసుకుని రా. తొమ్మిది లోపు అక్కడ ఉండాలి కాబట్టి ముందు రోజు రాత్రికే ఇంటికి చేరుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ