గౌరికి ఇల్లు వెతికే ముందు

పాపా,

గౌరికి ఇల్లు చూడాలని నువ్వు రాసిన ఉత్తరం చదివాను. పదేళ్ళు దాటిన కుక్క, వెన్ను దెబ్బతిని వెనక కాళ్ళు రెండూ పడిపోయిన కుక్క, ఉచ్చ కూడా మనమే పోయించాల్సిన కుక్క, దీన్ని ఎవరు తీసుకుంటారు పెద్దమ్మా అని అడిగావు. తీసుకునేవాళ్ళు ఉంటారు. కాకపోతే తక్కువమంది ఉంటారు, ఆలస్యంగా వస్తారు. వాళ్ళు వచ్చేలోపల ఇంకా చాలామంది వస్తారు, వాళ్ళలో ఎక్కువమందికి నువ్వు వద్దని చెప్పాలి. మొహమాటం నీకు ఎక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రికి తీసుకెళ్ళి అన్నీ చూపించు. వెన్నుకు తీసిన ఎక్స్‌రే నీ దగ్గర ఉంది సరే, రక్తపరీక్ష కొత్తగా చేయించు. ఈ వయసులో కిడ్నీలు ఎట్లా ఉన్నాయో తెలియాలి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో కాగితం మీద ఉండాలి. మన తిరుపతిలో పిడుదుల జ్వరం ఎక్కువ కాబట్టి ప్లేట్‌లెట్లు కూడా చూడమను. ఉచ్చ పరీక్ష తప్పకుండా చేయించు, ఇట్లాంటి కుక్కలకు మూత్రసంచిలో ఇన్‌ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. రేబీస్ టీకా తేదీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో, పళ్ళ సంగతి, అన్నీ ఒక ఫైల్లో పెట్టు. దానికి నెలకు నిజంగా ఎంత ఖర్చవుతోందో నీ బిల్లులు చూసి లెక్క కట్టు. మందులు, డైపర్లు, డాక్టరు ఫీజు, ఆటో కిరాయి, ఏదీ వదలొద్దు. అడిగినవాళ్ళకు ఆ అంకె మొదటి రోజే చెప్పేయాలి.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో తీసెయ్యి. పుండు కనబడేట్టు, రోడ్డు పక్కన పడి ఉన్న ఆ ఫోటో చూసి అందరూ అయ్యో అంటారు, నాలుగు గ్రూపుల్లో పంపుతారు, అంతటితో సరి. ఆ జాలిలో తీసుకెళ్ళినవాళ్ళకు వారం తిరిగేసరికి జాలి తీరిపోయి చాకిరీ మిగులుతుంది. పొద్దున వెలుతురులో, దుప్పటి మీద కూర్చుని నీ వైపు చూస్తున్నప్పుడు ఫోటో తియ్యి. కింద నిజం రాయి. ఎంత బరువు, రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోయించాలి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతుంది, పిల్లుల్ని చూస్తే ఏం చేస్తుంది, కుక్కరు విజిలుకు భయపడుతుందా. పెరుగన్నం గిన్నెను మూతితో తోసుకుంటూ గది అంతా తిరుగుతుందని నువ్వే నాకు చెప్పావు కదా, అది కూడా రాయి. చదివినవాళ్ళకు అది ఫలానా కుక్క అని తెలియాలి. ‘నెలాఖరులోపల ఎవరూ తీసుకోకపోతే దీని గతి అంతే’ లాంటి మాటలు మాత్రం రాయొద్దు. బెదిరించి ఇప్పించిన ఇల్లు నిలవదు.

ఇంక వచ్చేవాళ్ళ సంగతి. మన ప్రాంతంలో కొన్ని రకాలవాళ్ళు తప్పకుండా వస్తారు, ముందే తెలిసి ఉండటం మంచిది.

జ్యోతిష్యుడు చెప్పాడని వచ్చేవాళ్ళు ఒకరు. కాలభైరవుడి వాహనం కదా, కుక్కకు అన్నం పెడితే దోషం పోతుందని నమ్మేవాళ్ళు. వాళ్ళ భక్తిని నేను తక్కువ చేయను. వీధిలో కుక్కలకు రోజూ అన్నం పెట్టేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. వాళ్ళను అదే చేయమని చెప్పు, గౌరి మందులకు సాయం చేస్తామంటే సంతోషంగా తీసుకో. ఇంటికి మాత్రం ఇవ్వకు. పరిహారానికి ఒక గడువు ఉంటుంది, ఆ గడువు తర్వాత ఆ ఇంట్లో దాని స్థానం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

మామిడితోట ఉంది, కావలికి పడి ఉంటుంది అనేవాళ్ళు దామలచెరువు వైపు నుంచీ, చంద్రగిరి వైపు నుంచీ వస్తారు. కాళ్ళు పడిపోయిన కుక్క తోటలో దేనికీ పనికిరాదని వాళ్ళకే తెలుసు, అయినా మొరిగితే చాలు అంటారు. మట్టిలో, రాళ్ళలో ఈడ్చుకుంటూ తిరిగితే దాని పాదాల పైభాగం రెండు రోజుల్లో చీరుకుపోతుంది. ఈగలు వాలితే పురుగు పడుతుంది. తోటకు వద్దు.

ఇంకొకరు, దీన్ని నేను నడిపించి చూపిస్తా అనేవాళ్ళు. పుత్తూరు కట్టు కట్టిద్దాం, తైలం రాద్దాం, ఎవరికో లేచి నడిచిందట అంటారు. వీళ్ళు మంచివాళ్ళే, ప్రేమ ఉన్నవాళ్ళే. కానీ గౌరికి దెబ్బతిన్నది వెన్నులోని నరాలు, విరిగిన ఎముక కాదు. ఇన్ని నెలలు అయ్యాక, వేలు గిల్లినా తెలియని కాళ్ళు మళ్ళీ నడుస్తాయని ఆశ పెట్టుకునే ఇంట్లో ఆ ఆశ పోయిన రోజున దాని మీద విసుగు మొదలవుతుంది. ఇది ఇట్లాగే ఉంటుంది, ఇట్లాగే కావాలి అనేవాళ్ళు కావాలి మనకు.

అట్లాంటివాళ్ళను కనుక్కునేది మాటల్లో కాదు పాపా, పనిలో. ఎవరైనా గట్టిగా అడిగితే ఇంటికి రమ్మను. కాఫీ ఇచ్చి, కబుర్లు చెప్పి పంపొద్దు. సాయంత్రం ఉచ్చ పోయించే వేళకు రమ్మను. నువ్వు చేసి చూపించు. వెనక కాళ్ళకు ముందు, పొట్టకు రెండు వైపులా చేతులు పెట్టి నెమ్మదిగా తడిమితే నీళ్ళు నింపిన బెలూన్‌లాగా మూత్రసంచి చేతికి తగులుతుంది. దాన్ని ఒక్కసారి నొక్కకుండా, ఒకే తీరుగా, తోక వైపుకు మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. ధార ఆగాక కాస్త ఆగి మళ్ళీ చూడాలి, అడుగున మిగిలిపోతే అదే ఇన్‌ఫెక్షన్‌కు మూలం. తర్వాత తుడిచి, ఆరబెట్టి, కింద తడి లేకుండా చూడాలి. నువ్వు చేశాక వాళ్ళ చేతులు పెట్టించు. మొదటిసారి ఎవరికీ రాదు, రాకపోవడం తప్పు కాదు. వాళ్ళ మొహం చూడు. చేతికి అంటిందని ముక్కు మూసుకున్నారా, దాని మొహం వైపు చూస్తూ దానితో మాట్లాడుతూ చేశారా. మళ్ళీ రేపు వచ్చి నేర్చుకుంటాను అన్నవాళ్ళ ఫోన్ నంబరు రాసి పెట్టుకో. డాక్టరు దగ్గర కూడా ఒకసారి వాళ్ళతో చేయించు, గట్టిగా ఒత్తితే ప్రమాదం.

తర్వాత నువ్వు వాళ్ళ ఇంటికి వెళ్ళు. ఊరికే వచ్చాను అన్నట్టు కాకుండా, చూడ్డానికే వస్తున్నానని చెప్పి వెళ్ళు. నేల చూడు. నున్నటి గ్రానైట్ మీద దాని ముందుకాళ్ళు జారుతాయి, ముతక గచ్చు మీద వెనక కాళ్ళు గీసుకుపోతాయి. చాపలు గానీ, రబ్బరు షీట్లు గానీ పరుస్తామంటే సరే. మేడ మీద ఇల్లయితే లిఫ్టు ఉందా, పదిహేను కిలోల కుక్కను రోజూ ఎవరు ఎత్తుతారు. మే నెలలో మన తిరుపతి ఎండకు ఆ గది ఎట్లా ఉంటుందో అడుగు. కొండ అంచున ఇల్లయితే రాత్రిపూట ఎక్కడ పడుకోబెడతారో తప్పక అడుగు. యూనివర్సిటీ ఆవరణల్లోకే చిరుతలు వచ్చిపోతున్నాయి, వరండాలో పడుకున్న నడవలేని కుక్క ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అద్దె ఇల్లయితే యజమానితో నువ్వే మాట్లాడు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, నిజమే. కానీ యజమాని ఇల్లు ఖాళీ చేయమంటే ఆ కాగితం గౌరికి నీడ ఇవ్వదు.

అన్నిటికంటే ముఖ్యం, చేసేది ఎవరో కనుక్కో. అడగడానికి వచ్చేది కొడుకు, చేసేది వాళ్ళమ్మ. ఆ అమ్మను పక్కకు పిలిచి మాట్లాడు. ‘మావాడికి ఇష్టం, ఏం చేస్తాం’ అందంటే ఆ ఇల్లు వద్దు. బ్రహ్మోత్సవాలకు ఇంటి నిండా చుట్టాలు దిగినప్పుడు, ఊళ్ళో పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆమెకు జ్వరం వచ్చినప్పుడు ఉచ్చ పోయించేది ఎవరు? ఆ పని తెలిసిన రెండో మనిషి ఇంట్లోనో పక్కింట్లోనో ఉండాలి. ఒక్క పూట తప్పితే సర్దుకునే కుక్క కాదు ఇది.

నన్నడిగితే రిటైరైన దంపతులు, ఇంట్లోనే పని చేసుకునేవాళ్ళు, ఇంతకుముందు మంచాన పడ్డ పెద్దవాళ్ళకు చేసినవాళ్ళు, వీళ్ళకు ఇస్తాను. మంచాన పడ్డవాళ్ళకు చేసిన మనిషికి పుండు పడకుండా పక్క మార్చడం, తడి దుప్పటి తీయడం ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్ద వయసువాళ్ళయితే మోకాళ్ళ సంగతి అడుగు, వాళ్ళ తర్వాత గౌరిని ఎవరు చూస్తారో పేరు చెప్పమను. దాని చివరి రోజుల గురించి కూడా మాట్లాడు. కిడ్నీలు పాడై, తిండి మానేసి, బాధపడుతుంటే డాక్టరు చెప్పిన మాట వినే ధైర్యం ఉందా అని అడుగు. ఇది అశుభం అనుకునేవాళ్ళతో మెల్లగా మాట్లాడు, కానీ మాట్లాడకుండా ఇవ్వొద్దు.

ఇంకో సంగతి, మన ఊరు కాబట్టి చెప్పాలి. ప్రతి ఇంట్లో లడ్డు ఉంటుంది, ప్రసాదం కదా అని కుక్క నోట్లో కూడా పెడతారు. లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలకు విషం. చాక్లెట్, ఉల్లిపాయ, మనం వేసుకునే నొప్పి మాత్రలు కూడా కుక్కలకు విషమే. ఇవి కాగితం మీద రాసి ఇవ్వు.

చెన్నై, బెంగళూరు నుంచి అడిగితే వెంటనే కాదనకు. మంచి ఇళ్ళు అక్కడా ఉన్నాయి. కానీ వీడియో కాల్‌లో చూసి ఇవ్వొద్దు, వాళ్ళు ఒకసారి రావాలి, నువ్వు ఒకసారి వెళ్ళాలి. తీసుకెళ్ళేటప్పుడు కారులోనే, ఎండ పడకముందే బయల్దేరాలి. ఎక్కే ముందు ఉచ్చ పోయించి, బెంగళూరు అయితే దారిలో ఇంకోసారి.

డబ్బు తీసుకోవద్దు. బదులుగా మొదటి డాక్టరు పరీక్ష వాళ్ళ ఖర్చుతో, వాళ్ళ ఊరి డాక్టరు దగ్గర చేయించమను. ఇల్లు మారాల్సి వచ్చినా, చూసుకోలేకపోయినా గౌరి నీ దగ్గరికే తిరిగి రావాలని, ఇంకొకరికి ఇవ్వకూడదని కాగితం రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ కాగితం చూపించి ఎవరినీ కోర్టుకు లాగడానికి కాదు. తిరిగి ఇచ్చేయడం సిగ్గుపడే పని కాదని వాళ్ళకు ముందే తెలియాలి, లేకపోతే మొహం చెల్లక ఎక్కడో వదిలేస్తారు.

ఇచ్చే రోజు దాని పాత దుప్పటి ఉతక్కుండా పంపు, వాసన తెలిసిన గుడ్డ ఉంటే కొత్త చోట త్వరగా కుదురుతుంది. మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవచ్చు. ఉచ్చ మాత్రం ఆపకూడదు కాబట్టి ఆ మూడు రోజులూ నువ్వు ఆ ఊళ్ళోనే ఉండి పూటపూటకూ వెళ్ళు. తర్వాత ఒక నెల దాకా దానికి కనబడకు, ఫోన్లో అడుగు.

ఎవరూ దొరక్కపోతే ఏం చేయాలని కూడా రాశావు. దొరికేదాకా నీ దగ్గరే ఉంటుంది, ఉన్నన్నాళ్ళు అదీ ఇల్లే. నీకు ఉద్యోగంతో పొద్దుటి పూట కుదరడం లేదంటే ఆ ఒక్క పూట నేను వచ్చి చేస్తాను, నాకు చేతనవును. ముందు రక్తపరీక్ష చేయించి ఆ కాగితాలు, గౌరి గురించి నువ్వు రాసింది నాకు పంపు. చదివి చెబుతాను, ఆ తర్వాతే ఎవరికైనా పంపుదువు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
తిరుపతి