అమ్మాయి క్లైమేట్ ఎకనామిక్స్ చదువుతానంటోంది, బ్యాంక్ కోచింగ్‌లో చేర్చేయమంటారా?

అనకాపల్లి నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఫైనల్ ఇయర్, ఎండలు పెరగడం, కార్బన్ ఉద్గారాలు దేశాల ఆర్థిక వృద్ధిని ఎలా మారుస్తాయో చదువుతానంటోందట, అందులో ఉద్యోగాలుంటాయా అని.

ఉంటాయి సార్. 2018లో అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్‌కి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఈ సబ్జెక్ట్ మీదే. పాకిస్తాన్‌నే చూడండి, ప్రపంచ ఉద్గారాల్లో వాళ్ల వాటా ఒక శాతం కూడా ఉండదు, కానీ 2022 వరదల్లో పోయింది 30 బిలియన్ డాలర్ల పైమాటే. అటు బ్రిటనేమో 1990తో పోలిస్తే ఉద్గారాలు దాదాపు సగానికి తగ్గించుకుని కూడా ఆర్థికంగా పెరిగింది, మరి అందులో బొగ్గు మానేయడం వల్ల ఎంత, ఫ్యాక్టరీలు వేరే దేశాలకి పోవడం వల్ల ఎంత, ఇది లెక్క కట్టగలిగినవాళ్లకే డిమాండ్. యూరప్‌కి వెళ్లే స్టీలు, సిమెంటు, అల్యూమినియం మీద 2026 జనవరి నుంచి వాటి తయారీలో వెలువడే కార్బన్‌కి ఛార్జీ లెక్క మొదలైంది, ఇక్కడ స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ కూడా టాప్ 1000 లిస్టెడ్ కంపెనీల్ని పర్యావరణ వివరాలు రిపోర్ట్ చేయమంటోంది. అందుకే కన్సల్టెన్సీలు, రేటింగ్ కంపెనీలు మనుషుల్ని తీసుకుంటున్నాయి, కాకపోతే ఎక్కువగా ముంబై, ఢిల్లీ, బెంగళూరులోనే.

అసలు చూడాల్సింది మ్యాథ్స్. చల్లని నార్వేని ఆఫ్రికాలోని వేడి దేశం చాద్‌తో పోల్చి వేడి వల్లే పేదరికం అంటే కుదరదు, రెండింటి మధ్య తేడాలు బోలెడు కదా, అందుకే ఒకే దేశాన్ని తీసుకుని ఎండ ముదిరిన ఏడాది వృద్ధి ఎంత, మామూలు ఏడాది ఎంత అని చూస్తారు, అలా చాలా దేశాలకి, చాలా ఏళ్లకి కలిపి చేస్తారు, దీన్నే ప్యానెల్ డేటా అంటారు. స్టాటిస్టిక్స్ అంటే భయపడితే ఇక్కడ కష్టం.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. వరల్డ్ బ్యాంక్ సైట్‌లో డేటా ఫ్రీ. ఇండియా, చైనా, బ్రిటన్ తలసరి ఆదాయం, తలసరి ఉద్గారాలు 1990 నుంచి ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి, గీతలు ఎందుకు అలా విడిపోయాయో రెండు పేజీలు రాయమనండి. ఎవరూ చెప్పకుండానే ఇంకో దేశం కలిపి చూసిందంటే మీరు అడ్డు చెప్పకండి సార్.

వేలకి వేలు పోసి క్లైమేట్ పేరున్న సర్టిఫికెట్ కోర్సులు మాత్రం వద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటి చోట గట్టి ఎంఏ ఎకనామిక్స్ చేయించండి, దాంతో యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ కూడా రాయొచ్చు. బ్యాంక్ పీవోకి 30 ఏళ్ల వరకు టైముంది, ఎంఏ అయ్యాకైనా రాసుకోవచ్చు.